మైకు లేని పాట

సిడ్నీలో ఉండే తెలుగువాళ్ళందరి ఫోన్లలో ఒకే ఫోటో ఉంటుంది. వెనకాల ఒపేరా హౌస్, ముందు మనం, పక్కన ఇండియా నుంచి వచ్చిన అత్తగారో, మరిదిగారో, పిన్ని కూతురో. నా ఫోన్లో అలాంటివి పదకొండు ఉన్నాయి. ఇండియా నుంచి ఎవరొచ్చినా మొదటి శనివారం అక్కడికే తీసుకెళ్తాం. మెట్ల మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటాం, సీగల్స్‌ని అదిలిస్తాం, ఇంటికొచ్చేస్తాం. ఆరేళ్ళలో నేను లోపలికి వెళ్ళింది ఒక్కసారే, అదీ పాపకి బాత్రూమ్ అవసరమై.

పోయిన డిసెంబర్లో అమ్మ వచ్చింది. మామూలుగానే ఫోటో తీస్తున్నాను. అమ్మ ఆ తెల్లటి గూళ్ళ వంక కాసేపు చూసి, "బాగుందిగానీ, లోపల ఏం ఆడతారే?" అంది.

"ఒపేరా" అన్నాను.

"అంటే?"

"పాటలు పాడుతూ నాటకం ఆడతారు."

"మరి నాటకం చూడకుండా హాలు గోడలు చూసి పోవడమేంటి? తెనాలి వెళ్ళి టాకీసు బయట నుంచుని ఫోటో దిగి వచ్చినట్టుంది."

అమ్మకి ఆ మాట అనే హక్కుంది. మా తాతయ్య తెనాలి దగ్గర పల్లెలో పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. అమ్మ చిన్నప్పుడు తెల్లవార్లూ చాప మీద పడుకుని, కృష్ణుడు వచ్చేటప్పుడు లేచి, కృష్ణుడు వెళ్ళగానే మళ్ళీ పడుకునేదట. పీసపాటి వారి పద్యం, షణ్ముఖి వారి పద్యం అంటూ ఆవిడకి లెక్కలున్నాయి. అమ్మ దృష్టిలో నాటకం హాలు ముందు నుంచుని ఫోటో మాత్రమే తీసుకోవడం ఒక రకమైన అమర్యాద.

ఆ రాత్రి టికెట్ల కోసం చూశాను. మా ఆయన పక్కనుంచి, "ఇటాలియన్ భాష, రెండున్నర గంటలు. మీ అమ్మ నిద్రపోతుంది, నువ్వు ఫోన్ చూసుకుంటావు" అన్నారు. ఆయన తప్పుగా అన్లేదు. నాకు ఇబ్బందంతా డబ్బు దగ్గరే వచ్చింది. ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉండే మనలో చాలామందికి ఇది తెలిసిన సంగతే. పాప స్విమ్మింగ్‌కి, ఇంట్లో వాక్యూమ్ క్లీనర్‌కి కార్డు గీకేటప్పుడు లేని బెరుకు, మన కోసం మనం ఏదైనా కొనేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. మామూలుగా "కొననా?" అని అడుగుతాను. ఆ రోజు అడగలేదు. "రెండు కొన్నాను, పాపని మీరు చూసుకోండి" అన్నాను. అంత ఖరీదూ కాలేదు లెండి. స్టేజి కొంచెం కనపడని సీట్లు పక్కల్లో ఉంటాయి, మిగతావాటి కంటే బాగా చవక.

మేము చూసింది పుచ్చీని రాసిన 'లా బొహీమ్'. సిడ్నీలో వేసవికి ఒపేరా ఆస్ట్రేలియా వాళ్ళు తరచుగా వేసేది, మొదటిసారి చూసేవాళ్ళకి అందరూ సిఫారసు చేసేది అదేనట. కథ చాలా చిన్నది. చలికాలం, క్రిస్మస్ ముందు రోజు రాత్రి. మేడ మీద గదిలో నలుగురు కుర్రాళ్ళు, చేతిలో చిల్లిగవ్వ ఉండదు. అందులో ఒకడు కవి, చలి కాచుకోవడానికి తను రాసిన నాటకాన్నే పొయ్యిలో వేస్తాడు. పక్క గదిలో ఉండే మిమి అనే అమ్మాయి గుడ్డల మీద పూలు కుట్టి బతుకుతుంది. కొవ్వొత్తి ఆరిపోయిందని వచ్చి తలుపు కొడుతుంది. తాళంచెవి కింద పడుతుంది, చీకట్లో ఇద్దరూ వెతుకుతుంటే చెయ్యి తగులుతుంది. ఆ చెయ్యి చల్లగా ఉంటుంది. అక్కణ్ణుంచి ప్రేమ, తగవులు, విడిపోవడం. చివరికి క్షయ జబ్బుతో ఆమె ఆ గదికే వచ్చి చనిపోతుంది. అంతే కథ. అసలు కథ 1830ల పారిస్‌లో జరుగుతుంది. మేము చూసిన దాంట్లో దాన్ని 1930ల బెర్లిన్‌కి మార్చారు. అమ్మకి పారిసైనా బెర్లినైనా ఒకటే.

భాష గురించి భయపడక్కర్లేదు. స్టేజి పైన ఒక పట్టీ ఉంటుంది, పాడే మాటలు అందులో ఇంగ్లీషులో వస్తుంటాయి. సర్‌టైటిల్స్ అంటారు. 1983లో కెనడాలో టొరాంటో వాళ్ళు మొదలుపెట్టారు. అంతకు ముందు వందల ఏళ్ళు జనం కథ ముందే చదువుకుని వెళ్ళడమో, అర్థం కాకుండా వినడమో చేసేవాళ్ళు. నేను అమ్మకి రైల్లోనే కథ మొత్తం చెప్పేశాను. చివర్లో చనిపోతుందని కూడా చెప్పాను. "హరిశ్చంద్రలో కాటిసీను ఉందని తెలియక వెళ్తామా ఏం?" అంది.

ఇక హాలు సంగతి. ఒపేరా హౌస్‌లో ఒపేరా ఆడేది పెద్ద హాల్లో కాదు. నాకు లోపలికి వెళ్ళేదాకా తెలియదు. డెన్మార్క్ ఆర్కిటెక్టు యోర్న్ ఉట్జోన్ 1957లో పోటీ గెలిచి గీసిన ప్లానులో పెద్ద హాలు కచేరీలకీ ఒపేరాలకీ కలిపి. కట్టడం 1959లో మొదలైంది. 70 లక్షల డాలర్లు అవుతుందనుకున్నది చివరికి 10 కోట్ల 20 లక్షలైంది. ఎక్కువ భాగం లాటరీ టికెట్లు అమ్మి తెచ్చారు. ప్రభుత్వంతో గొడవపడి 1966లో ఉట్జోన్ మధ్యలోనే వెళ్ళిపోయాడు. 1973లో రాణిగారు వచ్చి ప్రారంభించినప్పుడు ఆయన లేడు. 2008లో చనిపోయేదాకా మళ్ళీ వచ్చి ఆ భవనాన్ని చూడనేలేదు. ఆయన వెళ్ళాక పెద్ద హాలుని కచేరీలకే వదిలేసి, ఒపేరాని చిన్న హాల్లోకి తోశారు. 1,507 సీట్లు, ఆర్కెస్ట్రా కూర్చునే గుంట ఇరుకు. ఒపేరా పేరు పెట్టుకున్న ఇంట్లో ఒపేరాకే చిన్న గది దొరికింది. ఇల్లు కట్టించినవాళ్ళం మనమైనా స్టోర్‌రూమ్‌లో కూర్చుని చదువుకున్నట్టు.

ఆ గుంట మీద ఒక వల కట్టి ఉంటుంది. 1980లలో 'బోరిస్ గోడునోవ్' అనే ఒపేరాకి స్టేజి మీద నిజం కోళ్ళని తెచ్చారట. అందులో ఒకటి నడుచుకుంటూ అంచుదాకా వచ్చి కింద చెల్లో వాయిస్తున్నాయన నెత్తి మీద పడింది. అప్పట్నుంచి ఆ వల. ఈ సంగతి చెప్తే అమ్మ ఇంటర్వెల్ అంతా నవ్వుతూనే ఉంది.

దీపాలు ఆరాయి. మొదటి పావుగంట నేను పైన అక్షరాలు, కింద మనుషులు, మళ్ళీ పైన అక్షరాలు చూస్తూ మెడ నొప్పి తెచ్చుకున్నాను. అమ్మ మాత్రం పైకి చూడనేలేదు. మిమి తన గురించి చెప్పుకునే పాట మొదలుపెట్టింది. ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కాలేదు. అమ్మ నా చెవిలో, "మైకు ఎక్కడ పెట్టారే?" అంది.

మైకు లేదు. సంప్రదాయ ఒపేరాలో గాయకులకి మైకు పెట్టరు. ముందు అన్ని వయొలిన్లు, బూరలు వాయిస్తుంటే, వాటన్నిటినీ దాటుకుని ఒక్క మనిషి గొంతు చివరి వరసదాకా వస్తుంది. నేను చదివింది మైక్రోబయాలజీ అయినా, బి.ఎస్సీ. బుర్ర ఊరుకోదు కదా, ఇంటికొచ్చాక వెతికాను. ఆర్కెస్ట్రా ధ్వనిలో బలమంతా దాదాపు 500 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. శిక్షణ ఉన్న గాయకుడు గొంతు లోపలి దారిని మలుచుకుని 3000 హెర్ట్జ్ దగ్గర ఒక అదనపు బలం తెచ్చుకుంటాడు. అక్కడ ఆర్కెస్ట్రా పలచగా ఉంటుంది, మన చెవి చురుగ్గా ఉంటుంది. అంటే గట్టిగా అరవడం కాదు, జనం లేని సందు చూసుకుని వెళ్ళడం. ఆడవాళ్ళు బాగా పై స్థాయిలో పాడేటప్పుడు లెక్క వేరు. అక్కడ నోటిని, దవడని తెరిచే తీరు మార్చి స్వరానికి సరిపడా నోటిలోని ప్రతిధ్వనిని కలుపుకుంటారు. ఇది తేల్చింది మన సిడ్నీలోనే, న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ వాళ్ళు. 2004లో నేచర్ పత్రికలో వచ్చింది. అలా చేసినప్పుడు అచ్చుల మధ్య తేడా పోతుంది, అందుకే ఆ పై స్థాయిలో మాట ఏమిటో ఇటలీవాళ్ళకి కూడా సరిగ్గా తెలియదు. మనకే తెలియట్లేదని సిగ్గుపడక్కర్లేదు.

మాటలన్నీ అచ్చులతో ముగిసే భాష కావడం ఇటాలియన్‌కి కలిసొచ్చింది. తెలుగూ అంతే. చివరి అచ్చు పట్టుకుని ఎంతసేపైనా లాగొచ్చు. పద్యం చివర రాగం తీసేటప్పుడు మనవాళ్ళు చేసేదీ అదే. మైకులు రాకముందు పందిట్లో చివర కూర్చున్న మనిషికి వినపడేలా పాడిన మన నటులు ఏ హెర్ట్జ్ దగ్గర పాడేవారో ఎవరైనా కొలిచి ఉంటే ఎంత బాగుండేది!

రెండో అంకం అయ్యేసరికి అమ్మ పూర్తిగా కథలో ఉంది. ఒక పాట అవగానే చప్పట్లు కొట్టి, "వన్స్ మోర్ అనొచ్చా?" అని అడిగింది. వద్దని చెయ్యి పట్టుకున్నాను. నిజానికి ఇటలీలో కూడా ఒకప్పుడు మళ్ళీ పాడించుకునే అలవాటు గట్టిగానే ఉండేది. 'లా బొహీమ్'ని 1896లో టురిన్‌లో మొదటిసారి నడిపించిన టాస్కనీనీకే అది అస్సలు గిట్టేది కాదు. ఆయన మా తాతయ్య ఊళ్ళో బతికేవాడు కాదు.

చివరి అంకం. మిమిని తీసుకొచ్చి పడుకోబెట్టారు. మందుకి డబ్బుల్లేవు. ఆమె స్నేహితురాలు ముజెట్టా, అప్పటిదాకా గయ్యాళిలా, షోకుల రాణిలా ఉన్న మనిషి, చెవులకున్న కమ్మలు తీసి ఇచ్చి, అమ్మి మందు తెమ్మంటుంది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నా బి.ఎస్సీ. రెండో ఏడాది ఫీజుకి అమ్మ చేతి గాజులు బ్యాంకులో పెట్టింది. నాకు తెలుసని అమ్మకి తెలుసు. మేమిద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ డిగ్రీ ఇప్పుడు బెడ్‌రూమ్ అల్మారాలో పాప వ్యాక్సినేషన్ కాగితాల కింద ఉంది. ఆ చీకట్లో అమ్మ చెయ్యి నా చేతి మీద ఉంటే, నాకు అదంతా చెప్పేయాలనిపించింది. ఉద్యోగం కోసం పంపిన అప్లికేషన్లు, రాని జవాబులు, అన్నీ. చెప్పలేదు. పాట జరుగుతోంది.

అంతలో నాలోని మైక్రోబయాలజీ గొణిగింది: క్షయతో ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషి అంతసేపు అలా పాడలేదు. కోఖ్ ఆ బ్యాక్టీరియాని కనిపెట్టానని ప్రకటించింది 1882లో. ఈ ఒపేరా వచ్చింది 14 ఏళ్ళ తర్వాత. మందు రావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. ఈ లెక్కలు వేసుకుంటే ఏడుపు ఆగుతుందని నా ఆశ. ఆగలేదు. పక్కన అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. బయటికొచ్చాక చెప్పింది, వాళ్ళ మేనత్తని మదనపల్లె శానిటోరియానికి పంపారట, తిరిగి రాలేదట. నేను ఎప్పుడూ వినని మేనత్త. ఆ సాయంత్రం ఆమె పేరు మొదటిసారి విన్నాను.

ఇంటికొచ్చాక ఆ ప్రదర్శన మీద రివ్యూలు చదవాలని కూర్చున్నాను. మన సినిమా రివ్యూల్లో రేటింగు చూసి మూసేయడం అలవాటు కదా. ఇవి అలా లేవు. కథ గురించి రెండు వాక్యాలే ఉంటాయి, ఎందుకంటే కథ అందరికీ తెలుసు. మిగతాదంతా ఈసారి ఎవరు ఎలా పాడారు, పై స్వరం తేలిగ్గా అందుకున్నారా, లాగారా, ఆర్కెస్ట్రా గొంతుని మింగేసిందా, దర్శకుడు చేసిన మార్పు కుదిరిందా అన్నదే. చదువుతుంటే ఇది నాకు తెలిసిన పద్ధతే అనిపించింది. "కృష్ణుడు ఫర్వాలేదు, అర్జునుడు శ్రుతి తప్పాడు, హార్మోనిస్టు నిలబెట్టాడు" అని మర్నాడు పొద్దున మా తాతయ్య అరుగు మీద కూర్చుని చెప్పే మాటలే ఇవి.

రివ్యూలు రాసేవాళ్ళు పొరపాటు పడిన కథలు మాత్రం బోలెడు. ఇదే 'లా బొహీమ్'ని చూసి టురిన్ విమర్శకుడొకాయన, ఇది ఒపేరా చరిత్రలో పెద్ద ముద్రేమీ వేయదని రాశాడు. బిజే 'కార్మెన్' 1875లో పారిస్‌లో మొదలైతే తిట్టిపోశారు. మూడు నెలలకే 36 ఏళ్ళ వయసులో ఆయన పోయాడు, అది లోకమంతా మోగడం చూడలేదు. వెర్డీ 'లా త్రావియాతా' 1853లో వెనిస్‌లో బోల్తా కొట్టింది. క్షయతో చిక్కిపోయిన నాయికగా వేసినావిడ బొద్దుగా ఉందని జనం నవ్వారు. ఆడమనిషి పాడుతూ ఉంటే ఒళ్ళు కొలవడం అప్పుడూ ఉంది.

ఈ వెతుకులాటలో దొరికిన ఇంకో సంగతి మీకు చెప్పకుండా ఉండలేను. మీ డ్రెస్సింగ్ టేబుల్ మీద లాక్మే కాటుక ఉందా? ఆ పేరు ఒక ఒపేరాది. 1952లో టాటాలు ఆ కంపెనీ పెట్టినప్పుడు ఫ్రెంచి ఒపేరా పేరు తీసుకున్నారు. 'లాక్మే' అంటే ఫ్రెంచివాళ్ళ నోట్లో మన లక్ష్మి. 1883లో డెలిబ్ రాశాడు. నాయిక నీలకంఠుడనే బ్రాహ్మణుడి కూతురు, చెలికత్తె పేరు మల్లిక. వాళ్ళిద్దరూ ఏటి ఒడ్డున పూలు కోస్తూ పాడే పాట మీరు విమానాల ప్రకటనల్లో వినే ఉంటారు. పాట అమృతం. కథ మాత్రం నాకు ఒళ్ళు మండించింది. ఆంగ్లేయ అధికారిని ప్రేమించి, అతని మనసు తన పటాలం వైపే ఉందని తెలిసి, ఉమ్మెత్త ఆకు నమిలి చనిపోతుంది. వినాయకచవితి పత్రిలో దత్తూర పత్రం అని మనం వేసేదే. అందులోని ఆల్కలాయిడ్లకి మనిషి మతి చలించి వాగుతాడు, అంత చక్కగా పాడుతూ పోడు. రచయితలు ఇండియా రాలేదని అక్కడే తెలిసిపోతుంది. సిడ్నీ అమ్మాయి జోన్ సదర్లాండ్ 1976లో ఈ లాక్మే వేషం ఇదే ఒపేరా హౌస్‌లో వేసింది. మేము కూర్చున్న హాలుకి ఇప్పుడు ఆమె పేరే. మొదట టైపిస్టుగా పనిచేసిన మనిషి, తర్వాత ప్రపంచంలోనే గొప్ప గొంతుల్లో ఒకటైంది. అన్నట్టు, ఇక్కడి వంద డాలర్ల నోటు మీదున్నావిడ కూడా ఒపేరా గాయనే, నెల్లీ మెల్బా.

మన కథల్ని గౌరవంగా ముట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. హోల్స్ట్ రాసిన 'సావిత్రి'లో ముగ్గురే పాత్రలు: సావిత్రి, సత్యవంతుడు, యముడు. ఫిలిప్ గ్లాస్ 1980లో చేసిన 'సత్యాగ్రహ' గాంధీగారి దక్షిణాఫ్రికా రోజుల మీద. పాడేదంతా సంస్కృతం, భగవద్గీత శ్లోకాలు. దానికెళ్తే సర్‌టైటిల్స్ చూడకుండా ముందే అర్థం చేసుకునేది మన బామ్మలే.

అసలు మనకి ఒపేరా లేదని ఎవరన్నారు? త్యాగరాజస్వామి 'ప్రహ్లాద భక్తి విజయం', 'నౌకా చరిత్రం' ఏమిటి మరి? తంజావూరు దగ్గర మెలట్టూరులో, తమిళదేశం మధ్యలో, నృసింహ జయంతికి ఇవాళ్టికీ మగవాళ్ళే ఆడవేషాలు కట్టి తెలుగు నాటకాలు పాడి ఆడతారు. 1885లో కడప జిల్లా సురభిలో 'కీచక వధ'తో మొదలైన కుటుంబాలు ఇంకా తెర దించలేదు. అన్నట్టు, ఒపేరాలో కుర్రాళ్ళ వేషాలు చాలా చోట్ల ఆడవాళ్ళు వేస్తారు. మన స్థానం నరసింహారావుగారు చీర కట్టుకుని సత్యభామ అయితే, అక్కడ గాయని ప్యాంటు వేసుకుని కుర్ర సేవకుడు అవుతుంది. లెక్క సరిపోయింది.

ఇక్కడి ఆదివాసులు కూడా ఈ రూపాన్ని తమ కథకి వాడుకున్నారు. యోర్టా యోర్టా జాతికి చెందిన గాయని డెబోరా చీతమ్ 2010లో 'పీకాన్ సమ్మర్' రాసింది. 1939లో కమరగంజ మిషన్‌లో బాధలు పడలేక జనమంతా నది దాటి వెళ్ళిపోయిన కథ అది. మన దేశభక్తి గీతాలు బుర్రకథలోకి వచ్చినట్టే, ఎక్కడి నుంచో వచ్చిన కళలో తమ గోడు పాడుకున్నారు. నాకు చూడాలనుంది.

వెళ్దామనుకునేవాళ్ళకి రెండు మాటలు. పట్టుచీరే కట్టాలని లేదు, జీన్స్‌లో వచ్చినవాళ్ళే ఎక్కువ. అమ్మ మాత్రం మంగళగిరి చీర కట్టింది, ఇంటర్వెల్‌లో ఇద్దరు పెద్దావిడలు వచ్చి అంచు పట్టుకుని చూశారు. ఆలస్యమైతే తలుపులు వేసేస్తారు, కాబట్టి రైలు ఒకటి ముందుది ఎక్కండి. ఇంటర్వెల్‌లో ఉత్తరం వైపు అద్దాల దగ్గరికి వెళ్తే సముద్రం, వంతెన, ఫెర్రీల దీపాలు కనిపిస్తాయి. శాలువా మర్చిపోకండి.

అమ్మ ఫిబ్రవరిలో వెళ్ళిపోయింది. మొన్న ఫోన్ చేస్తే, పక్కింటి అత్తయ్యకి మిమి కథ చెబుతోంది. స్పీకర్లో విన్నాను. ఆవిడ చెప్పిన కథలో ముజెట్టా కమ్మలు కాదు, గాజులు ఇచ్చింది. నేను సరిదిద్దలేదు. తర్వాత ఫోన్ తీసుకుని, "ఆ సర్టిఫికెట్ కాగితాల కింద నుంచి తీశావా?" అని అడిగింది. తీశానని చెప్పాను. నిజంగానే తీశాను, ఇక్కడి టెఫ్‌లో పాథాలజీ కలెక్షన్ కోర్సుకి అప్లికేషన్ పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు.

"సరే, వచ్చే ఏడాది వస్తాను" అంది. "ఆ కోడి పడ్డ నాటకం ఎప్పుడు వేస్తారో కనుక్కో. ఈసారి పక్క సీటు కాదు, ఆ వల కనపడేచోట కొను."